టీచరమ్మ జవాబులు: మూడు చక్రాల ఆటో అని ఎవరంటారు?

పోయిన నెల ఈ పేజీలో మైలుతుత్తం గురించి నాలుగు ముక్కలు రాసినందుకు ఈ నెల ఉత్తరాల కట్ట లావెక్కింది. ముప్పాతిక వంతు ఉత్తరాల్లో బాధ ఒకటే. అయానిక పదార్థాలకు, అంటే ఉప్పు మాదిరి ప్లస్, మైనస్ ఆవేశాలున్న కణాలు (అయాన్లు) కలిసి అయినవాటికి, పేరు పెట్టడం రాదు, పేరు చెబితే ఫార్ములా రాయడం రాదు. తొమ్మిదో తరగతిలో అంటుకునే ఈ జ్వరం కొందరికి ఇంటర్ అయ్యేదాకా దిగదు. చంద్రగిరి చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్పై మూడేళ్ళు సైన్స్ చెప్పి రిటైరయినదాన్ని, ఆ జ్వరం నాకు బాగా తెలుసు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పేజీలో ఫార్ములాలను బోర్డు దగ్గర నిలబడి నోటితో చదివినట్టే రాస్తున్నాను. ఏఎల్2 ఓ3 అని కనబడితే, ఆ అంకెల్ని మీరు నోట్సులో చిన్నవిగా చేసి, కిందికి దించి రాసుకోండి. మూలకాలకు అక్షరాలు పెట్టే ఈ పద్ధతిని 1810ల్లో తెచ్చిన స్వీడన్ ఆయన బెర్జీలియస్ మొదట్లో ఆ అంకెల్ని పైన రాసేవాడు. కాబట్టి పిల్లలు పైనా కిందా తడబడితే మరీ కోప్పడకండి.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. పరీక్షలో 'సీఏ సీఎల్2' పేరు రాయమంటే 'కాల్షియం డైక్లోరైడ్' అని రాసింది. మార్కు ఇవ్వలేదు. అదే పేపర్లో 'సీ ఓ2'కు 'కార్బన్ డయాక్సైడ్' అని రాస్తే మార్కు ఇచ్చారు. రెండు చోట్లా ఉన్నది రెండే కదా. ఒకచోట 'డై' ఉండాలి, ఇంకోచోట ఉండకూడదు అంటే పిల్లకు ఏమని చెప్పాలి? ఏడ్చి ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.
— ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ముందు పాపకు అన్నం పెట్టు తల్లీ. ఆ తప్పు చేయాలన్నా కాస్త బుర్ర ఉండాలి. ఒకచోట నేర్చుకున్న పద్ధతిని ఇంకోచోట వాడి చూసింది. అది అక్కడ పనికిరాదని ఎవరూ చెప్పలేదు, అంతే.

మీ ఊరి రోడ్ల మీదే చూడండి. 'మూడు చక్రాల ఆటో ఎక్కి వచ్చినాను' అని ఎవరైనా అంటారా? ఆటో అంటేనే మూడు. ఎవరు కొన్నా, ఏ ఊళ్ళో తిరిగినా మూడే. లారీ దగ్గరికి వచ్చేసరికి అట్లా కాదు. మామిడికాయల లోడుకు బండి మాట్లాడేటప్పుడు ఆరు టైర్లదా, పది టైర్లదా, పన్నెండు టైర్లదా అని అడిగి తీరాలి. చెప్పకపోతే తెలియదు కాబట్టి.

కార్బన్, ఆక్సిజన్ లారీ లాంటివి. అవి రెండూ ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి, పంచుకోవడంలో ఒకటికంటే ఎక్కువ రకాలున్నాయి. ఒక కార్బన్‌కు ఒక ఆక్సిజన్ చేరితే కార్బన్ మోనాక్సైడ్. తలుపులు మూసిన షెడ్డులో కారు ఇంజన్ ఆన్‌లో పెడితే మనిషి ప్రాణం తీసేది అదే. రెండు చేరితే కార్బన్ డయాక్సైడ్, గోలీ సోడాలో బుస్సుమనేది. అంకె చెప్పకపోతే ప్రాణం తీసేదేదో, దాహం తీర్చేదేదో తెలియదు. అందుకని పేరులోనే అంకె పెట్టారు.

కాల్షియం, క్లోరిన్ ఆటో లాంటివి. కాల్షియం ఎప్పుడు అయాన్ అయినా రెండు ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది, దాని మీద ప్లస్ 2 మిగులుతుంది. క్లోరిన్ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని మైనస్ 1 అవుతుంది. మొత్తం మీద ప్లస్, మైనస్ సరిపోవాలంటే ఒక కాల్షియంకు రెండు క్లోరిన్లు పడాలి. ఇంకో దారే లేదు. ఉన్నది ఒక్క దారే అయినప్పుడు దాన్ని పేరులో మళ్ళీ చెప్పడం దేనికి? కాల్షియం క్లోరైడ్ అంటే చాలు, ఆ 'రెండు' ఎవరికి వాళ్ళు లెక్క కట్టుకోవచ్చు.

పేరు పెట్టే తీరు చిన్నదే. లోహాన్ని ఉన్న పేరుతోనే ముందు పిలవాలి. తరువాత వచ్చే అలోహానికి తోక మార్చి 'ఐడ్' తగిలించాలి. క్లోరిన్ క్లోరైడ్ అవుతుంది, ఆక్సిజన్ ఆక్సైడ్, సల్ఫర్ సల్ఫైడ్, నైట్రోజన్ నైట్రైడ్. ఇక లెక్క కట్టడానికి కావలసిన సరుకు: సోడియం, పొటాషియం, వెండి ప్లస్ 1. మెగ్నీషియం, కాల్షియం, బేరియం, జింక్ ప్లస్ 2. అల్యూమినియం ప్లస్ 3. అటువైపు ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ మైనస్ 1. ఆక్సిజన్, సల్ఫర్ మైనస్ 2. నైట్రోజన్ మైనస్ 3. పాప చేత ఇది ఎక్కం మాదిరి వారం రోజులు అప్పజెప్పించండి. ఫార్ములాలు మాత్రం ఒక్కటి కూడా బట్టీ పట్టనివ్వద్దు.

ఈ జవాబు చదివి ఎవరో ఒకరు 'మరి టార్చిలైటు బ్యాటరీలో ఉండేది మాంగనీస్ డయాక్సైడ్ కదా టీచరమ్మా, మాంగనీస్ లోహమే కదా' అని పోస్టుకార్డు రాస్తారు. నిజమే. కొన్ని పాత పేర్లు జనం నోట్లో అట్లాగే నిలిచిపోయినాయి. 'పొటాషియం డైక్రోమేట్' సంగతి వేరు. అక్కడ 'డై' పొటాషియంను లెక్కపెట్టేది కాదు, ఆ రుణ అయాన్ (మైనస్ వైపుది) పేరే డైక్రోమేట్. మా ఇంటాయన పేరులో 'ద్వి' ఉందని ఇద్దరు మొగుళ్ళున్నట్టా?

ఇంకొకటి. కాల్షియం క్లోరైడ్‌లో ఒక కాల్షియం, రెండు క్లోరిన్లు చేతులు పట్టుకుని విడిగా ఒక జట్టుగా తిరుగుతుంటాయని పిల్లలు బొమ్మ వేస్తారు. అట్లా ఉండదు. మన ఉప్పునే తీసుకోండి. ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, అట్లా గళ్ళు గళ్ళుగా ఉప్పు కల్లు మొత్తం కట్టి ఉంటుంది. ఒక గ్రాము ఉప్పులో సోడియం అయాన్లు ఒకటి పక్కన ఇరవై రెండు సున్నాలు పెడితే వచ్చేటన్ని. ఎన్‌ఏ సీఎల్ అని రాసినామంటే వాటి వంతు ఒకటికి ఒకటి అని చెప్పినట్టు.

ప్రశ్న: క్రిస్‌క్రాస్ పద్ధతిలో మెగ్నీషియం మీది 2ను ఆక్సిజన్ కిందకు, ఆక్సిజన్ మీది 2ను మెగ్నీషియం కిందకు దించితే ఎంజీ2 ఓ2 వచ్చింది. మా సార్ ఎంజీ ఓ అన్నారు. పద్ధతి తప్పా, నేను తప్పా? బ్రాకెట్లు ఎప్పుడు పెట్టాలో కూడా చెప్పండి.
— పదో తరగతి విద్యార్థి, పలమనేరు

జవాబు: నాయనా, క్రిస్‌క్రాస్ అడ్డదారి. అడ్డదారిన పోవచ్చు, ఎక్కడ తేలతామో తెలిసి ఉండాలి. అసలు దారి మా నాయన చిట్టాపుస్తకంలో ఉండేది. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఆయనకు నాటుమందుల అంగడి. రాత్రి తలుపు వేసే ముందు జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు కూడి, రెండూ సరిపోతేనే లేచేవాడు. నువ్వూ అదే చెయ్యి. అల్యూమినియం ఆక్సైడ్ అనుకో. అల్యూమినియం జమ 3, ఆక్సిజన్ ఖర్చు 2. రెండూ కలిసే మొదటి అంకె 6. ఆరు జమ కావాలంటే అల్యూమినియంలు రెండు, ఆరు ఖర్చు కావాలంటే ఆక్సిజన్లు మూడు. ఏఎల్2 ఓ3. మెగ్నీషియం జమ 2, ఆక్సిజన్ ఖర్చు 2, మొదటి అడుగులోనే సరిపోయింది. ఎంజీ ఓ. అక్కడ ఆగాలి. నువ్వు దించిన 2, 2 కూడా లెక్కకు సరిపోతాయి కానీ అవసరానికి మించి ఒక రౌండు ఎక్కువ తిరిగినావు.

ప్రతిసారీ అట్లా కుదించేయకూడదు కూడా. మెర్క్యురస్ క్లోరైడ్ హెచ్‌జీ2 సీఎల్2. దాన్ని హెచ్‌జీ సీఎల్ చేయరు. ఎందుకంటే అందులో పాదరసం రెండు పరమాణువులు అంటుకుని, జంటగా ప్లస్ 2 మోస్తుంది. సోడియం పెరాక్సైడ్ కూడా అంతే, అక్కడ రెండు ఆక్సిజన్లది జంట. జంటను విడదీసే హక్కు నీ పెన్నుకు లేదు.

బ్రాకెట్ సంగతి. ఆకు వక్కలో వేసుకునే సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. హైడ్రాక్సైడ్‌లో ఓ, హెచ్ కలిసే వస్తాయి, కలిసే పోతాయి, ఇద్దరి మీదా కలిపి మైనస్ 1. కాల్షియం ప్లస్ 2 కాబట్టి హైడ్రాక్సైడ్‌లు రెండు కావాలి. సీఏ తరువాత బ్రాకెట్లో ఓహెచ్, బ్రాకెట్ బయట 2. బ్రాకెట్ మానేసి సీఏ ఓహెచ్2 అని రాసినావనుకో, ఆ 2 హైడ్రోజన్‌కు మాత్రమే చెందుతుంది. అప్పుడు ఆక్సిజన్ ఒకటే మిగిలింది. రెండోది యాడికి పోయింది? సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉన్నది ఒకటే కాబట్టి బ్రాకెట్ అక్కర్లేదు, పెట్టినా అందం తప్ప ఉపయోగం లేదు.

ప్రశ్న: శెనిక్కాయ చేనుకు జిప్సం తెచ్చినాను. మా వాడి పుస్తకంలో దాని ఫార్ములా మధ్యలో చుక్క పెట్టి, పక్కన 2 హెచ్2 ఓ అని ఉంది. ఆ చుక్క గుణకారమా? పొడిగా ఉన్న సంచిలో నీళ్ళెక్కడివి?
— రైతు, పూతలపట్టు దగ్గర పల్లె

జవాబు: గుణకారం కాదన్నా, 'దీంతో పాటు' అని దాని అర్థం. ఒక కాల్షియం సల్ఫేట్‌కు రెండు నీటి అణువులు చొప్పున స్ఫటికంలోనే ఇరుక్కుని ఉంటాయి. చేతికి తడి తగలదు. కానీ తూకంలో ఉంటాయి. శుద్ధమైన జిప్సం యాభై కిలోల సంచి అయితే అందులో దాదాపు పదిన్నర కిలోలు నీళ్ళే. నీళ్ళకు డబ్బు పెట్టానని బాధపడవద్దు, మీకు కావలసింది మిగతా దాంట్లో ఉన్న కాల్షియం, గంధకం. వేర్లు తీసుకున్న కాల్షియం ఆకుల దాకా పోతుంది కానీ అక్కడినుంచి వెనక్కి దిగి కాయలోకి రాదు. పూత నుంచి నేలలోకి దిగిన ఊడ, దాని చివర కట్టే కాయ తమ చుట్టూ ఉన్న మట్టిలోంచే నేరుగా పీల్చుకోవాలి. పూత సమయంలో ఎకరాకు 200 కిలోలు మొక్కల మొదళ్ళ దగ్గర పడేటట్టు వేయమనేది అందుకే. పుస్తకంలో పేరు అడిగితే మీ వాడిని కాల్షియం సల్ఫేట్ డైహైడ్రేట్ అని రాయమనండి. ఇక్కడ 'డై' పెట్టాలి. ఎందుకంటే నీళ్ళు ఎన్ని చేరతాయో ప్లస్ మైనస్ లెక్క కడితే తేలదు, చెప్పి తీరాలి. ఇదే జిప్సాన్ని కాల్చి ముప్పాతిక వంతు నీళ్ళు పోగొడితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుంది.

ప్రశ్న: రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ మాత్రలు రాసింది. అట్ట మీద 'ఫెర్రస్' అని ఉంది. మా తమ్ముడి పుస్తకంలో ఐరన్ పక్కన బ్రాకెట్లో రోమన్ అంకె రెండు ఉంది. రెండూ ఒకటేనా? ఒకటే అయితే రెండు పేర్లెందుకు?
— డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఒకటేనమ్మా. ఈ ప్రశ్నకు జవాబు నేను పుస్తకం కంటే ముందు మా నాయన అంగడిలో చూసినాను, చూస్తున్నదేమిటో తెలియకుండానే.

అంగడి గోడ నిండా చెక్క సొరుగులు. పటిక, నవాసారం, మైలుతుత్తం, ఇంగిలీకం, సురేకారం. కింది వరసలో అన్నభేది, అంటే ఈ ఫెర్రస్ సల్ఫేటే. కొత్త సరుకు వచ్చినప్పుడు లేత ఆకుపచ్చగా, పగలగొట్టిన సీసా ముక్కల్లా ఉండేది. వానాకాలం గడిచేసరికి సొరుగు లాగితే పైనంతా తుప్పు రంగు పొడి. వేలితో గీరితే కింద మళ్ళీ ఆకుపచ్చ. సొరుగు సరిగ్గా మూయనందుకు నాకు చీవాట్లు. 'గాలి తగలనీకు మేయ్, అన్నభేది చచ్చిపోతుంది' అనేవాడు.

చచ్చిపోవడం కాదు, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకోవడం. ఆకుపచ్చగా ఉన్నప్పుడు అందులోని ఇనుము ప్లస్ 2. గాలిలో ఆక్సిజన్, తేమ తగిలేకొద్దీ పైపొరలో ఇనుము ప్లస్ 3 అవుతుంది, గోధుమరంగు తిరుగుతుంది. కాల్షియం ఆటో అనుకున్నాం కదా, ఇనుము మళ్ళీ లారీ. రెండు రకాలుగా తిరుగుతుంది. వట్టి 'ఐరన్ సల్ఫేట్' అంటే ఆకుపచ్చదా, గోధుమదా తెలియదు. సల్ఫేట్ అంటే ఎస్‌ఓ4, మైనస్ 2. ఆకుపచ్చదైతే ఎఫ్‌ఈ ఎస్‌ఓ4. రెండోదైతే ఎఫ్‌ఈ2, బ్రాకెట్లో ఎస్‌ఓ4, బయట 3.

పాతవాళ్ళు తక్కువ ఆవేశం (అయాన్ మీది ప్లస్ అంకె) ఉన్నదానికి 'అస్' తోక, ఎక్కువ ఉన్నదానికి 'ఇక్' తోక తగిలించినారు. ఫెర్రస్, ఫెర్రిక్. బాగానే ఉంది కానీ ఆ తోక అంకె చెప్పదు. ఫెర్రస్ 2, ఫెర్రిక్ 3. రాగి దగ్గర క్యూప్రస్ 1, క్యూప్రిక్ 2. తగరం దగ్గర స్టానస్ 2, స్టానిక్ 4. ప్రతి లోహానికీ వేరే పట్టిక గుర్తుపెట్టుకోవాలి. 1919లో ఆల్‌ఫ్రెడ్ స్టాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఈ తంటా ఎందుకు, ఆవేశం ఎంతో పేరులోనే రాసేస్తే పోలా అన్నాడు. అదే మీ తమ్ముడి పుస్తకంలో బ్రాకెట్లో కనబడే రోమన్ అంకె. ఈ స్టాక్‌కు ల్యాబులో ఏళ్ళ తరబడి పాదరసం ఆవిరి పీల్చడం వల్ల ఒంటికి విషం పట్టింది. ఆ సంగతి తెలుసుకున్నాక 1926లో, పాదరసంతో జాగ్రత్త అని తన అవస్థ అంతా రాసి అచ్చువేయించినాడు. ఫార్ములాల దగ్గర ఆయన పేరు వినబడినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తుకొస్తుంది.

తమ్ముడికి ఇది మాత్రం గట్టిగా చెప్పు. రోమన్ అంకె ఎన్ని పరమాణువులో చెప్పదు, ఒక్కో పరమాణువు మీద ఆవేశం ఎంతో చెబుతుంది. సీయూ2 ఓ ఇస్తే క్లాసులో సగం మంది కింద 2 చూసి 'కాపర్ టూ ఆక్సైడ్' అంటారు. ఆక్సిజన్ మైనస్ 2, దానికి సరితూగడానికి రాగి పరమాణువులు రెండు ఉన్నాయి, ఒక్కోదాని మీద 1. కాబట్టి అది కాపర్ వన్ ఆక్సైడ్, ఎర్రటి పొడి. సీయూ ఓ అనే నల్లటి పొడి కాపర్ టూ ఆక్సైడ్. ఎప్పుడూ అటువైపు, మైనస్ వైపు నుంచి లెక్క మొదలుపెట్టాలి. అక్కడ అంకె మారదు కాబట్టి. సోడియం, కాల్షియం, అల్యూమినియం లాంటివాటికి రోమన్ అంకె పెట్టి పాండిత్యం చూపించవద్దని కూడా చెప్పు.

మాత్రల సంగతి డాక్టరమ్మ చెప్పినట్టే. టీతో మాత్రం మింగవద్దు. టీలోని ఒగరు పదార్థం ఇనుమును పట్టేసుకుంటుంది, ఒంటికి సరిగ్గా అందనివ్వదు. ఆ ఒగరుకు, ఇనుముకు ఎంత స్నేహమో కింది ఉత్తరం రాసినాయనకు బాగా తెలుసు.

ప్రశ్న: మాది కలంకారీ పని. మా అబ్బాయి ఇంటర్. పటిక ఫార్ములా చూపించి 'ఇందులో రెండు లోహాలున్నాయి నాయనా' అన్నాడు. ఒక ఉప్పుకు ఒక లోహమే కదా ఉండేది?
— చేతిపనివాడు, శ్రీకాళహస్తి

జవాబు: అన్నా, మీ చేతుల మీదుగా పోయినంత పటిక నా ల్యాబులో ముప్పై మూడేళ్ళలో పోయి ఉండదు. చూసి చెప్పేది మీరు, పేరు పెట్టేది నేను, అంతే తేడా.

మీరు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళలో కలం ముంచి గీత గీస్తే, గీసేటప్పుడు పలచగా ఉండే గీత చూస్తుండగానే నల్లబడుతుంది. బెల్లం పులిసినప్పుడు పుట్టిన పుల్లదనం ఇనుమును కరిగించి ఐరన్ ఎసిటేట్ చేసింది. కరక్కాయ ఒగరు ఆ ఇనుమును పట్టుకుని నలుపు చేసింది. ఆ పిల్ల టీతో మాత్ర మింగితే కడుపులో జరిగేదీ ఇంచుమించు ఇదే, గీత ఒక్కటి తక్కువ.

ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పెడతారు. అందులో రెండు లోహాలున్న మాట నిజం. ఒక ఉప్పుకు ఒక లోహమే ఉండాలని చట్టం ఏమీ లేదు, జమాఖర్చు సరిపోవాలి, అంతే. పటికలో పొటాషియం ప్లస్ 1, అల్యూమినియం ప్లస్ 3, జమ మొత్తం 4. సల్ఫేట్ ఒక్కోటి మైనస్ 2, రెండుంటే ఖర్చు 4. సరిపోయింది. అందుకే కే, ఏఎల్, ఆ తరువాత బ్రాకెట్లో ఎస్‌ఓ4, బయట 2. ఆపైన చుక్క పెట్టి 12 హెచ్2 ఓ. పన్నెండు నీళ్ళు! పటిక గడ్డ బరువులో దాదాపు 46 శాతం నీళ్ళే. పెనం మీద పెడితే కరిగి, ఉడికి, పొంగి మరమరాల్లా తేలికైపోయేది అందుకే. మా నాయన పటికను పొంగించి అమ్మేవాడు, గడ్డ కంటే ఎక్కువ ధరకు. ఉన్న నీళ్ళు పోగొట్టి ధర పెంచిన ఏకైక వ్యాపారం.

పేరు చెప్పమంటే లోహాలు రెండూ ముందు, రుణ అయాన్ తరువాత. పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. మీ ఎరుపుకు పనిచేసేది అందులో అల్యూమినియం. ఒక చేత్తో నూలును, ఇంకో చేత్తో రంగును పట్టుకుని ఉతుకులో వదలకుండా చూస్తుంది. పొటాషియం కేవలం లెక్క సరిపెట్టడానికి వచ్చినది. దాని బదులు అమ్మోనియం ఉన్న పటిక కూడా బజారులో దొరుకుతుంది, ఎరుపుకు అదీ పనికొస్తుంది.

ప్రశ్న: సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్: పిల్లలకు ఎట్లా చెప్పినా కలిపేస్తున్నారు. మీరెట్లా చెప్పేవారు?
— కొత్తగా చేరిన టీచరు, సత్యవేడు

జవాబు: నా పరువు పోయిన కథ చెప్పేదాన్ని తల్లీ. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ల్యాబు సరుకుకు చేత్తో పట్టీ రాసి పంపినాను. సోడియం సల్ఫైట్ కావాలి. నా గొలుసుకట్టు రాతలో చివరి అక్షరం 'ట'కు 'డ'కు మధ్య ఎక్కడో ఆగింది. వచ్చిన డబ్బా మూత తీసేసరికి కుళ్ళిన కోడిగుడ్డు వాసన. సోడియం సల్ఫైడ్. పంపినవాళ్ళ తప్పేమీ లేదు. పక్క గదిలో తెలుగు సార్ 'మధ్యాహ్న భోజనం చెడిపోయినట్టుంది' అని వంటగది దాకా పోయి చూసి వచ్చినాడు.

సల్ఫైడ్ అంటే ఒట్టి గంధకం, మైనస్ 2, ఆక్సిజన్ లేదు. సల్ఫైట్ అంటే గంధకానికి మూడు ఆక్సిజన్లు, సల్ఫేట్ అంటే నాలుగు. ఆవేశం మూడింటికీ మైనస్ 2. అందుకే సోడియంతో ఏది కలిసినా సోడియంలు రెండే పడతాయి. పిల్లలు ఆక్సిజన్లు పెరిగితే ఆవేశం కూడా పెరుగుతుందనుకుంటారు, అక్కడ ఆపి ఒకసారి చెప్పు. నైట్రైట్ రెండు ఆక్సిజన్లు, నైట్రేట్ మూడు, ఆవేశం రెండింటికీ మైనస్ 1. 'ఐట్ అంటే తక్కువ, ఏట్ అంటే ఎక్కువ' వరకే చెప్పు. ఎంత తక్కువ, ఎంత ఎక్కువ అనేది ఒక్కో కుటుంబానికి ఒక్కో తీరు. ఆ డబ్బా మైనం పూసి అల్మారా పై అరలో పెట్టినాను. నేను బదిలీ అయ్యేదాకా అక్కడే ఉంది.

ప్రశ్న: పది పేర్లకు ఫార్ములాలు రాసి పంపుతున్నాను. దిద్ది పంపండి. ఇంకో డౌటు, సోడియంకు ఎస్ అని పెట్టకుండా ఎన్‌ఏ అని ఎందుకు పెట్టారు?
— తొమ్మిదో తరగతి, పుత్తూరు

జవాబు: ఎస్ అప్పటికే గంధకానికి పోయింది. ఎన్‌ఏ లాటిన్ పేరు నేట్రియం నుంచి, పొటాషియం కే కేలియం నుంచి, ఇనుము ఎఫ్‌ఈ ఫెర్రం నుంచి. ఫెర్రస్ మాటా అక్కడిదే.

నీ పదింట్లో ఏడు సరి. మూడు తప్పు. సోడియం సల్ఫేట్‌కు ఎన్‌ఏ ఎస్‌ఓ4 అన్నావు, జమ 1, ఖర్చు 2, ఇంకో సోడియం ఏది? ఎన్‌ఏ2 ఎస్‌ఓ4. అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు బ్రాకెట్ మరచినావు, పైన పలమనేరు అబ్బాయికి చెప్పింది చదువు. మూడోది చూసి కాసేపు నవ్వుకున్నాను. అమ్మోనియం క్లోరైడ్‌కు ఏఎం సీఎల్ అని రాసినావు. ఏఎం అంటే అమెరీషియం, 95వ మూలకం, రేడియోధార్మికమైనది. నువ్వు రాయాల్సింది కళాయి పూత వేసేవాళ్ళు వేడి గిన్నెలో చల్లే నవాసారం. అమ్మోనియం లోహం కాదు, ఒక నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్లు కలిసి ప్లస్ 1 మోసే జట్టు. ఎన్‌హెచ్4 సీఎల్.

ఇప్పుడు అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం ఫాస్ఫేట్, ఐరన్ త్రీ ఆక్సైడ్, కాల్షియం నైట్రేట్ రాసి పంపు. ఫాస్ఫేట్ పీఓ4, మైనస్ 3. ఈసారి కవరు మీద స్టాంపు అంటించు నాయనా, పోయినసారి మన పత్రిక ఆఫీసువాళ్ళు రెట్టింపు డబ్బు కట్టి నీ ఉత్తరం విడిపించుకున్నారు.